ప్రసంగంలో నేను వాడిన ‘తే’: ఒక తపస్సుకాలం కేస్ స్టడీ

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో నాలుగో ఆదివారం. పూజ అయ్యాక గుడి తలుపు దగ్గర నిలబడి అందరినీ పలకరిస్తున్నాను. యాభై దాటిన ఒకామె వచ్చి చేతులు జోడించి, "ప్రసంగం చాలా బాగుంది ఫాదర్. దేవుడు ఎంత మంచివాడో! మనం సరిగ్గా ఉంటే చాలు, ఆయన తప్పకుండా ప్రేమిస్తాడు" అంది. "అవునమ్మా" అన్నాను. వెనక ఇంకా జనం ఉన్నారు. ఆమె వెళ్ళిపోయింది.

ఆ "అవునమ్మా" ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ రోజు సువిశేషం లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం. ఆస్తిలో వాటా తీసుకుని ఇల్లు వదిలి, అంతా పాడుచేసుకుని ఆకలితో తిరిగొచ్చిన, సరిగ్గా లేని చిన్నకొడుకును తండ్రి పరుగెత్తుకుంటూ వెళ్ళి కౌగిలించుకున్న కథ. దాని మీద పన్నెండు నిమిషాలు మాట్లాడాను. ఆ పన్నెండు నిమిషాలూ విని ఒక మనిషి "మనం సరిగ్గా ఉంటే చాలు" అనుకుంటూ ఇంటికి వెళ్ళింది. లోపం వినడంలో ఉందా, చెప్పడంలో ఉందా?

చెప్పడంలోనే ఉందని తేలింది. ఎలా తేలిందో, తర్వాత ఆరు నెలల్లో ఏం మార్చానో, ఎక్కడ మళ్ళీ తప్పు చేశానో తోటి గురువులకు (ఫాదర్లకు), డీకన్లకు, ఉపదేశులకు, గురువిద్యార్థులకు పనికొస్తుందని రాస్తున్నాను. పూజలో చదివే పఠనాల మూడేళ్ళ చక్రంలో మూడోదైన సి సంవత్సరంలో ఈ ఉపమానం రెండుసార్లు వస్తుంది. తపస్సుకాలం నాలుగో ఆదివారం ఒకసారి, సామాన్యకాలం ఇరవై నాలుగో ఆదివారం ఇంకోసారి. ఆ రెండు ఆదివారాల మధ్య జరిగిందే ఈ కేస్.

ముందుగా ఒక మాట. ఇందులో ఉన్న ఏ సంగతీ పాపసంకీర్తనంలో, అంటే గురువు ముందు పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నది కాదు. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 983వ సూత్రం ప్రకారం పాపసంకీర్తన రహస్యం భంగపరచరానిది. వివరాలు మార్చి చెప్పడానికి కూడా నా మనసు ఒప్పుకోదు. ఇక్కడ కనిపించే ముగ్గురూ బయట, మామూలు మాటల్లో నాతో పంచుకున్నవే రాశాను. అది కూడా వాళ్ళు సరేనన్నాకే. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఏం చెప్పాను

మా గుడిలో ప్రసంగాలు రికార్డ్ చేస్తారు. సోమవారం పొద్దున కాగితం, పెన్ను పెట్టుకుని నా ప్రసంగం నేనే విన్నాను. మొదటిసారి విన్నప్పుడు తప్పేమీ దొరకలేదు. "దేవుని ప్రేమకు షరతులు లేవు" అని మూడుసార్లు స్పష్టంగా అన్నాను. రెండోసారి వినేటప్పుడు మాత్రం వాక్యాలు రాసుకుంటూ విన్నాను. అప్పుడు కనపడింది.

"మనం తిరిగి వస్తే ఆయన చేర్చుకుంటాడు." "తప్పు ఒప్పుకుంటే క్షమిస్తాడు." "హృదయం మార్చుకుంటే ఆయన ఆనందిస్తాడు." "ఒక్క అడుగు వేస్తే చాలు, ఆయన పది అడుగులు వేస్తాడు." లెక్కపెట్టాను. ‘తే’తో ముగిసే మాటలు పంతొమ్మిది. వాటిలో పదకొండు చోట్ల ‘తే’కి అటువైపు మనిషి చేయాల్సిన పని ఉంది, ఇటువైపు దేవుని ప్రేమ ఉంది. షరతులు లేవని మూడుసార్లు చెప్పి, పదకొండుసార్లు షరతు పెట్టాను.

మన భాషలో ‘తే’ చాలా చిన్నది. నోట్లోంచి జారిపోతుంది, గమనించం. కానీ వినేవాళ్ళ చెవికి అది చిన్నప్పటి నుంచీ అలవాటైన శబ్దం. బాగా చదివితే కొనిపెడతాను, అల్లరి చేయకపోతే తీసుకెళ్తాను, చెప్పిన మాట వింటే మంచి పిల్లవి. ప్రేమ ఎప్పుడూ ‘తే’ వెనకాలే వచ్చింది. అందుకే "షరతులు లేవు" అన్నది ఒక సిద్ధాంతంలా చెవి పక్క నుంచి వెళ్ళిపోతుంది. ‘తే’ మాత్రం లోపల దిగుతుంది. ఆమె నా ప్రసంగాన్ని తప్పుగా వినలేదు. నేను చెప్పిందే చక్కగా విని, ఒక్క వాక్యంలో నాకు అప్పజెప్పింది.

ఇంకో లెక్క కూడా చూశాను. కొడుకు పాడైపోవడం గురించి నేను దాదాపు ఏడు నిమిషాలు మాట్లాడాను. తండ్రి పరుగు గురించి ఒక నిమిషం. మిగతాదంతా "కాబట్టి మనమూ తిరిగి రావాలి" అన్న హెచ్చరిక. లూకా రాసిన దాంట్లో కొడుకు పాడైపోవడం 13 నుంచి 16 వరకు నాలుగు వచనాలు. ఇంట్లోనే ఉండి పనిచేసి, తమ్ముడికి విందు చేశారని కోపంతో లోపలికి రానన్న పెద్దకొడుకు గురించి 25 నుంచి 32 వరకు ఎనిమిది వచనాలున్నాయి. నా ప్రసంగంలో పెద్దకొడుకు అసలు లేడు. దాని సంగతి తర్వాత చెప్తాను.

తెగిపోయిన వాక్యం

ఆ వారమంతా అదే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళుగా చదువుతున్నా నేను సరిగ్గా చూడని సంగతి ఒకటి కనపడింది. కొడుకు పందుల దగ్గర కూర్చుని ఒక ప్రసంగం తయారు చేసుకుంటాడు. అందులో మూడు ముక్కలున్నాయి. నేను పరలోకానికి, నీకు విరోధంగా పాపం చేశాను. నీ కొడుకునని అనిపించుకునే అర్హత నాకు లేదు. నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో. ఇది 18, 19 వచనాల్లో ఉంది. 21వ వచనంలో తండ్రి ముందు నిలబడి అదే మొదలుపెడతాడు. మొదటి ముక్క చెప్తాడు, రెండోది చెప్తాడు. మూడోది లేదు. తండ్రి అప్పటికే సేవకుల వైపు తిరిగి వస్త్రం తెమ్మంటున్నాడు, ఉంగరం తొడగమంటున్నాడు, చెప్పులు వేయమంటున్నాడు.

ఆ మూడో ముక్కలోనే షరతు ఉంది. ‘కొడుకుగా కాకపోయినా కూలివాడిగా సంపాదించుకుంటాను’ అన్న బేరం. తండ్రి దాన్ని నోట్లోంచి రానివ్వలేదు. కొన్ని ప్రాచీన వ్రాతప్రతుల్లో 21వ వచనంలో కూడా ఆ మూడో వాక్యం కనిపిస్తుంది. లేఖకులు 19వ వచనం చూసి పూరించి ఉంటారని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. నకలు రాసే మనిషికి కూడా ఆ వాక్యం తెగిపోవడం ఓర్చుకోలేనిదిగా అనిపించి ఉండాలి. నాకు ఆ లేఖకుడి మీద కోపం రాలేదు. నేనూ పదకొండుసార్లు అదే పని చేశాను కదా.

ఇంకో సంగతి. ఈ కథలో తండ్రి చిన్నకొడుకుతో నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడడు. "క్షమించాను" అని కూడా అనడు. చూస్తాడు, పరుగెత్తుతాడు, మెడ మీద పడి ముద్దుపెట్టుకుంటాడు. మాటలన్నీ సేవకులతోనే.

కొడుకు తిరిగి రావడానికి కారణం ఏమిటో కూడా చూడాలి. ఆకలి. నాన్న మీద బెంగ అని లూకా రాయలేదు. ఇంటి దగ్గర కూలివాళ్ళకు తిండి ఉంది, నేనిక్కడ చచ్చిపోతున్నాను అనుకున్నాడు, అంతే. ఆ మాత్రం కారణంతో వచ్చినవాణ్ణి తండ్రి ఆపి ‘నిజంగా మారావా’ అని అడగలేదు. శ్రీసభ బోధ కూడా ఇక్కడ మన వైపే ఉంది. దేవుని మీద ప్రేమతో కాక భయంతోనో పాపం మీద అసహ్యంతోనో పుట్టే అసంపూర్ణ పశ్చాత్తాపం కూడా దేవుని వరమేనని, పవిత్రాత్మ ప్రేరణేనని కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ 1551లో చెప్పింది. ఆకలితో బయలుదేరినవాణ్ణి కూడా నడిపించింది ఆయనే అన్నమాట.

ఇక ఆ తండ్రికి ‘జాలి’ కలిగిందని మనం చదివే చోట, గ్రీకు మూలంలో ఉన్న క్రియ కడుపులోని పేగులకు సంబంధించినది. హీబ్రూలో కరుణకు వాడే మాటల్లో ఒకటైన ‘రహమీమ్’కి గర్భం అనే మాటతో చుట్టరికం ఉంది. పోపు రెండవ జాన్ పాల్ 1980లో దేవుని కరుణ మీద రాసిన విశ్వలేఖలో దీన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపారు. మనకు ఇది వివరించి చెప్పాల్సిన పని లేదు. కన్నపేగు, కడుపుతీపి, కడుపు తరుక్కుపోవడం, ఇవన్నీ మన నోట్లో ఉన్నవే. ‘జాలిపడ్డాడు’ అంటే రోడ్డు మీద పోతున్నవాడి మీద కూడా పడొచ్చు. ‘కడుపు తరుక్కుపోయింది’ అంటే వాడు నా వాడు. నేను ప్రసంగంలో జాలి దగ్గరే ఆగిపోయాను.

పెద్ద ఫాదర్ అడిగిన ప్రశ్న

ఐదో ఆదివారం ప్రసంగం ఒక్క ‘తే’ కూడా లేకుండా చెప్పాలనుకున్నాను. ఆ మాట చెప్తే నాకంటే చాలా పెద్దాయన, నేను గౌరవించే గురువు, నిదానంగా అడిగారు: "అలా చెప్తే పాపసంకీర్తనానికి ఎవరు వస్తారయ్యా? మారక్కర్లేదని అనుకోరా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. మారుమనస్సు లేకుండా సువిశేషం లేదు. యేసు ప్రభువు బోధ మొదలయ్యిందే మారుమనస్సు పొందండి అన్న మాటతో. కానీ మారడం ప్రేమకు వెలా, ప్రేమకు ఫలమా అన్నది తేల్చుకోవాలి. ఇందులో శ్రీసభ బోధ చాలా స్పష్టంగా ఉంది, మనం చెప్పేదే అస్పష్టం. మనిషి నీతిమంతుడు కావడానికి ముందు వచ్చేదేదీ, అది విశ్వాసమైనా సత్క్రియలైనా, దేవుడు ఉచితంగా ఇచ్చే వరప్రసాదాన్ని సంపాదించజాలదని 1547లో అదే ట్రెంట్ మహాసభ ప్రకటించింది. మనిషి దేవుని వైపు తిరగడం కూడా ముందుగా వచ్చి తట్టే వరప్రసాదంతోనే మొదలవుతుందని చెప్పింది. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం మరణించాడని రోమీయులకు రాసిన లేఖ ఐదో అధ్యాయంలో పౌలు ఎప్పుడో రాశాడు. మనం దేవుణ్ణి ప్రేమించడం కాదు, ఆయన మనల్ని ప్రేమించడమే ప్రేమ అని యోహాను రాశాడు.

పాపసంకీర్తనంలో మనం రోజూ చేసే పనిని చూసినా ఇదే వరుస. తొలి శతాబ్దాల్లో ఘోరపాపాలకు ప్రాయశ్చిత్తం ముందు, శ్రీసభతో సమాధానపడటం తర్వాత ఉండేది. ఇప్పుడు గురువు పలికే పాపవిమోచనం ముందు, ప్రాయశ్చిత్తం నెరవేర్చడం తర్వాత. మోకరించిన మనిషి లేచి వెళ్ళేటప్పటికే క్షమాపణ పొందినవాడు. ఆ తర్వాత చేసే ప్రార్థన, పరిహారం, క్షమాపణ పొందినవాడి పనులు. 1973లో సవరించిన పాపవిమోచన ప్రార్థన కూడా దేవుడు చేసేసిన పనితోనే మొదలవుతుంది. కరుణామయుడైన తండ్రి తన కుమారుని మరణ పునరుత్థానాల ద్వారా లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు అని. ‘తే’ లేదు అందులో.

భయపెట్టి పవిత్రంగా ఉంచాలన్న ఆలోచన శ్రీసభలో గట్టిగా ఒకసారి నడిచింది. 1640లో వెలువడిన జాన్సెన్ అనే బిషప్పు గ్రంథం నుంచి పుట్టిన ఆ ధోరణి, క్రీస్తు అందరికోసం మరణించాడనడమే తప్పు అన్నంత దూరం పోయింది. ఆ వాదాన్ని పదవ ఇన్నొసెంట్ పోపు 1653లో ఖండించారు. ఖండించినా దాని నీడ చాలాకాలం ఉంది. యోగ్యత లేదన్న భయంతో విశ్వాసులు నెలల తరబడి, ఏళ్ళ తరబడి దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పానికి, దూరంగా ఉండిపోయేవారు. 1905లో పదవ భక్తినాథ పోపు కాలంలో వచ్చిన ఉత్తర్వు, సత్ప్రసాదం మంచివాళ్ళకు ఇచ్చే బహుమానం కాదని స్పష్టం చేసి, ఘోరపాపం లేకుండా సదుద్దేశంతో వచ్చేవాళ్ళు తరచుగా, వీలైతే రోజూ స్వీకరించవచ్చని ప్రోత్సహించింది. ఇది రాసేటప్పుడు నాకు తలుపు దగ్గర చేతులు జోడించిన ఆమే గుర్తొస్తోంది. ఆమె ప్రతి ఆదివారం వస్తుంది, సత్ప్రసాదానికి మాత్రం ముందుకు రాదు.

పెద్ద ఫాదర్‌కి ఇవన్నీ చెప్పాను. ఆయన విని, "సరే, అయితే ‘తే’ తీసేసి ఏం పెడతావు?" అన్నారు. ఆ ప్రశ్నే నాకు దారి చూపింది. ‘కాబట్టి’ పెడతాను అన్నాను.

ఐదో ఆదివారం

ఆ ఆదివారం సువిశేషం యోహాను 8వ అధ్యాయం, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ. ప్రసంగం తొమ్మిది నిమిషాలు. దాదాపు అంతా ఒక్క చోటే నిలిచాను. పెద్దవాళ్ళతో మొదలై ఒక్కొక్కరే వెళ్ళిపోయాక, యేసు, ఆమె మాత్రమే మిగిలారు. ఆయన చివరగా అన్న రెండు మాటల వరుస చూడమన్నాను. నేనూ నీకు శిక్ష విధించను. వెళ్ళు, ఇక పాపం చేయకు. ఈ వరుస తిరగేసి చూడమన్నాను. ఇక పాపం చేయకపోతే నీకు శిక్ష విధించను. అవే మాటలు. కానీ ఇది వేరే దేవుడు. తిరగేసి చెప్పినప్పుడు గుడిలో ఒక కదలిక వచ్చింది. రోజూ వింటున్నది అదేనని జనం గుర్తుపట్టారనుకుంటాను.

తర్వాత నా గత ఆదివారం ప్రసంగంలోని వాక్యాలు నాలుగు తీసుకుని, వాళ్ళ ముందే సరిచేశాను. "మనం తిరిగి వస్తే ఆయన ప్రేమిస్తాడని పోయిన వారం అన్నాను. అది తప్పు. ఆయన ప్రేమిస్తున్నాడు కాబట్టి మనం తిరిగి రాగలం." అలా నాలుగూ. పీఠం ముందు నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకోవడం కష్టంగానే ఉంది. కానీ వాక్యాన్ని వాళ్ళ చెవుల ముందే తిప్పకపోతే పాత వాక్యమే ఉండిపోతుందని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

ఆ రోజు కూడా, తలుపు దగ్గర పలకరించిన ఆమె సత్ప్రసాదానికి రాలేదు. బుధవారం సాయంత్రం గురుమందిరానికి వచ్చింది. ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట జరిగిన విషయానికి పాపసంకీర్తనం చేసుకున్నానని, పాపవిమోచనం పొందానని తనే చెప్పింది. ఆ విషయమేమిటో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాసేపు చేతిలోని జపమాల సరిచేసుకుంటూ కూర్చుంది. తర్వాత అంది:

"క్షమించాడు ఫాదర్. అది నమ్ముతాను. కానీ నన్ను చూడాలని ఉంటుందా ఆయనకి?"

గురువిద్యలో, ఇన్నేళ్ళ సేవలో ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. క్షమాపణ గురించి నేను వందసార్లు ప్రసంగించాను. క్షమించి వదిలేయడం ఒకటి ఉంటుంది. కేసు కొట్టేశారు, ఇక వెళ్ళొచ్చు అన్నట్టు. ఆమె ఇరవై ఏళ్ళుగా అలాంటి క్షమాపణతో బతుకుతోంది. శిక్ష తప్పింది, మొహం చెల్లడం లేదు. ఆమెకు కావాల్సింది పాపం పోయిందన్న హామీ కాదు, తను కావాలన్న హామీ. నా ప్రసంగాలు ఆమెను గుమ్మం దాకా తెచ్చి వదిలేశాయి.

నేను జవాబు చెప్పలేదు. బైబిల్ తెరిచి లూకా 15లో 20వ వచనం ఆమెనే చదవమన్నాను. కొడుకు ఇంకా చాలా దూరంలో ఉండగానే తండ్రి చూశాడు. "దూరంలో ఉండగా ఎలా కనపడ్డాడమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు ఆగి, "దారి చూస్తూ ఉండుంటాడు" అంది. మళ్ళీ తనే, "రోజూ చూసేవాడేమో" అంది. నేను ఏమీ కలపలేదు. ఇక్కడ ఏదైనా కలిపితే చెడగొడతానని అనిపించింది.

అప్పటి నుంచి దేవుని ప్రేమ మీద మాట్లాడే ప్రతిసారీ క్షమాపణ దగ్గర ఆగకుండా చూసుకుంటున్నాను. జక్కయ్య కథలో యేసు చెట్టు కింద నిలబడి ‘నేడు నేను నీ ఇంట్లో ఉండాలి’ అంటాడు. సగం ఆస్తి పేదలకిస్తాననీ, నాలుగింతలు తిరిగిస్తాననీ జక్కయ్య అనేది ఆ తర్వాత. అంతకుముందు ఈ కథలో నేను జక్కయ్య పశ్చాత్తాపం గురించే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ‘ఉండాలి’ అన్న ఆ ఒక్క మాట మీద నిలబడుతున్నాను. యేసుకి అక్కడ ఉండాలని ఉంది.

నేను చూసుకోని ప్రమాదం

ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ దీన్ని దాచి ఈ కేస్ రాయడం సరికాదు. పాస్కాకాలంలో (ఈస్టరు తర్వాతి వారాల్లో) ఒక ఆదివారం దేవుడు షరతులు లేకుండా ప్రేమించినట్టే మనమూ ప్రేమించాలి అని చెప్పాను. మాట ఒప్పే. రెండు వారాల తర్వాత ఒక యువతి, ఇంట్లో భర్త చేతిలో దెబ్బలు తింటున్న అమ్మాయి, ఆ వాక్యాన్నే పట్టుకుని ఓర్చుకుంటున్నానని చెప్పింది. "మీరే అన్నారు కదా ఫాదర్, షరతులు పెట్టకూడదని."

నాకు ఒళ్ళు చల్లబడింది. దేవుని ప్రేమకు షరతు లేదంటే, హింసకు అడ్డు చెప్పకూడదని కాదు. కొడుకును కౌగిలించుకున్న తండ్రి పందుల దొడ్డిని కౌగిలించుకోలేదు. ఆ అమ్మాయిని కొట్టే చెయ్యి దేవుడు ప్రేమించే మనిషి మీదే పడుతోంది. ఆమెకు ఆ రోజే ఈ మాటలు చెప్పాను. భాగస్వామి వల్ల శరీరానికో ఆత్మకో తీవ్రమైన ప్రమాదం ఉంటే విడిగా ఉండడానికి అది న్యాయమైన కారణమని శ్రీసభ చట్టం 1153వ సూత్రం చెప్తోంది. కొన్ని సందర్భాల్లో వేరుపడటం నైతికంగా అవసరం కూడా కావచ్చని పోపు ఫ్రాన్సిస్ 2016లో కుటుంబం మీద రాసిన ప్రబోధంలో ఉంది. ముందు ఆమె క్షేమంగా ఉండే చోటు చూశాం. తర్వాతే మిగతా మాటలు.

షరతులు లేని ప్రేమ గురించి ప్రసంగించేవాళ్ళను నేను బతిమాలేది ఒక్కటే. ఆ ప్రసంగంలో ఎక్కడో ఒకచోట ఈ వాక్యం పైకి చెప్పండి: మిమ్మల్ని ఎవరైనా కొడుతుంటే, భయపెడుతుంటే, దాన్ని భరించమని దేవుడు అడగడం లేదు, వచ్చి మాకు చెప్పండి. మీ ముందు కూర్చున్నవాళ్ళలో ఎవరికి అది అవసరమో మీకు తెలియదు. నాకు తెలియలేదు.

పెద్దకొడుకు

మా గాయకబృందంలో ఒకాయన ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా ఒక్క ఆదివారం తప్పలేదు. గుడి తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఐదో ఆదివారం తర్వాత ఆయన మొహంలో తేడా నాకు కనపడింది, పట్టించుకోలేదు. పెంతెకోస్తు పండుగ తర్వాత ఒక రోజు తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టారు.

"అందరూ ఒకటే అయితే మేమెందుకు ఫాదర్ ఇన్నేళ్ళూ?"

నాకు మొదట కోపం వచ్చింది. ఎంత చెప్పినా అర్థం కాదా అనుకున్నాను. ఆయన వెళ్ళాక మళ్ళీ 15వ అధ్యాయం తెరిస్తే, ఆయనలాంటి పెద్దకొడుకు గురించి నేను ఒక్కసారి కూడా ప్రసంగించలేదని గుర్తొచ్చింది. ఎనిమిది వచనాలు వదిలేశాను.

పెద్దకొడుకు మాటలు దగ్గరగా చూడండి. తండ్రిని ‘నాన్నా’ అని పిలవడు. ఇన్నేళ్ళుగా నీకు ఊడిగం చేస్తున్నాను అంటాడు. గ్రీకులో అది బానిస చేసే చాకిరీకి వాడే క్రియ. చిన్నవాడు కూలివాడిగా ఉంటానని బేరం పెట్టబోయాడు, పెద్దవాడు ఇంట్లో ఉండి ఇన్నేళ్ళూ కూలివాడిగానే బతికాడు. ఇద్దరి మనసులోనూ ఉన్నది అదే ‘తే’. ‘నా తమ్ముడు’ అనడు, ‘నీ కొడుకు’ అంటాడు. తండ్రి జవాబులో దాన్ని ‘నీ తమ్ముడు’గా మారుస్తాడు. చిన్నవాడితో ఒక్క మాట మాట్లాడని తండ్రి, పెద్దవాడితో మాట్లాడతాడు. బిడ్డా, నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నాదంతా నీదే. పైగా అతని కోసం కూడా ఇంట్లోంచి బయటికి వస్తాడు. ఆ రోజు తండ్రి రెండుసార్లు బయటికి వచ్చాడు, ఇద్దరి కోసం.

మన విచారణల్లో (ఒక్కో గుడి పరిధిలోని విశ్వాసుల సంఘాల్లో) ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చునేవాళ్ళలో ఎక్కువమంది పెద్దకొడుకులే. వాళ్ళకు మనం పనులు చెప్తాం, కమిటీల్లో పేర్లు రాస్తాం. దూరంగా ఉన్నవాళ్ళను దేవుడు ప్రేమిస్తున్నాడని వాళ్ళకు చెప్తాం. మిమ్మల్ని కూడా, మీరు చేసే పని కోసం కాకుండా ఊరికే ప్రేమిస్తున్నాడని వాళ్ళతో ఎప్పుడు చెప్పాం? యేసు నిన్ను ప్రేమిస్తున్నాడు అన్న మొదటి ప్రకటన ఒకసారి చెప్పి దాటిపోయేది కాదని, పదేపదే వినిపించాల్సిందని పోపు ఫ్రాన్సిస్ 2013లో రాశారు. అది కొత్తవాళ్ళ కోసం అనుకుంటూ వచ్చాను. ముప్పై ఏళ్ళు పాడినాయనకు అది ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇరవై నాలుగో ఆదివారానికి ముందు

తలుపు దగ్గర చేతులు జోడించిన ఆమె విషయం. ఆగస్టులో ఒక మామూలు రోజు, పొద్దున పూజకు పదిమంది కూడా లేరు. సత్ప్రసాదానికి వరుసలో చివర నిలబడి ఉంది. "క్రీస్తు శరీరం" అన్నాను. "ఆమెన్" కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు, మూడో ఆదివారం వచ్చింది. నేను అడగలేదు. ఇంతకుముందు నేనైతే ‘మధ్యలో ఎందుకు మానేశావమ్మా’ అని అడిగేవాణ్ణి.

ఆ యువతి క్షేమంగా ఉంది. అంతకుమించి ఇక్కడ రాయను.

గాయకబృందం పెద్దాయన దగ్గరికి గురువారాలు వెళ్తున్నాను. తాళాలు వెనక్కి ఇవ్వడానికి కాదు, వాటి మాట నేను ఎత్తలేదు. మొదటి రెండుసార్లు గుమ్మంలోనే మాట్లాడి పంపేశారు. మూడోసారి కుర్చీ వేశారు. పోయిన గురువారం ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి అడిగారు:

"చిన్నవాడు మళ్ళీ ఇల్లు వదిలి వెళ్ళిపోతే ఫాదర్?"

"మళ్ళీ దారి చూస్తాడు" అన్నాను.

"పెద్దవాడు లోపలికి రాకపోతే?"

లూకా ఆ కథను అక్కడే ఆపేశాడు. పెద్దవాడు వెళ్ళాడో లేదో రాయలేదు. ఆ మాటే చెప్పాను. తండ్రి బయట అతనితోపాటే నిలబడి ఉండగా కథ ఆగిపోయిందని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుని, ఆ భాగం ఎక్కడుందో చూపించమన్నారు.

వచ్చే ఆదివారం అదే సువిశేషం. ఆయన అడిగిన రెండో ప్రశ్నతో ప్రసంగం మొదలుపెట్టొచ్చా అని అడిగాను. ఇంకా చెప్పలేదు.